పోగులద్దం చూసిన కత్తి అంచు

మంగలి కోటిలింగానికి కత్తి మీద పేలు కనిపిస్తున్నాయట. అద్దం పెట్టుకుని వాటిని ఏరుతూ కూర్చుంటున్నాడట. ఈ మాట నాది కాదు. అతని షాపు పక్కన ఇడ్లీలు వేసే రాజరత్నం, పిండిమర దగ్గర ఎవరితోనో అన్నదట. అది వీధి చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి కోటిలింగం భార్య నాంచారమ్మ చెవిలోనే పడింది. అప్పటికి పేలతోపాటు నల్లులు కూడా చేరాయి.

అతను తెచ్చుకున్న అద్దాల్లో ఆఖరిదాన్ని నేను.

నేను ఒక పోగులద్దాన్ని. నేతబట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టే భూతద్దాన్ని. మూడు ఇత్తడి రేకులు, వాటిని కలిపే రెండు బందులు, ఒక గాజుబిళ్ళ. మడిస్తే చొక్కా జేబులో ఒక మూల పడి ఉంటాను. విప్పితే అంగుళం కిటికీ ఉన్న కింది రేకు బల్ల మీద ఆనుతుంది, నడిమి రేకు నిటారుగా నిలుస్తుంది, పై రేకులో నా కన్ను ఉంటుంది. నన్ను ఎవరూ చేత్తో పట్టుకోనక్కర్లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, నా కథ దాని మీదే నిలబడింది.

బొంబాయిలో ఒక ఇరుకు షెడ్డులో నన్ను చేశారు. అంచులు ఆకురాయితో అరగదీసిన మనిషి నాలోంచి మొట్టమొదట చూసింది తన గోటి కింది మట్టిని. చూసి నవ్వుకున్నాడు, కడుక్కోకుండానే నన్ను డబ్బాలో వేశాడు.

అక్కణ్ణుంచి చీరాల వైపు ఒక నేత సంఘానికి వచ్చి, బట్ట తనిఖీ చేసే పరంధామయ్య చేతిలో పడ్డాను. ఇరవై ఆరేళ్ళు ఆయన నన్ను బట్ట మీద నిలబెట్టి, సూదిమొనతో పోగులు లెక్కపెట్టాడు. నేసినవాడు ఎదురుగా ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. ఒక్క పోగు తగ్గితే ఆయనకు దొరికేది. ఎదుటివాడి మొహం మాత్రం ఎప్పుడూ దొరికినట్టు లేదు, తలెత్తితే కదా! పదవీ విరమణ నాడు నన్ను అప్పగించడం మరిచి జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు. సంఘంలో ఎవరూ నన్ను అడగనూ లేదు. మేం లేకపోతే పని ఆగిపోతుందని అన్నాళ్ళూ అనుకున్నది ఆయనొక్కడే కాదు, నేను కూడా.

పరంధామయ్యకు ముప్పై ఏళ్ళుగా గడ్డం గీసేవాడు కోటిలింగమే. బ్లేడు ముక్క కాదు, తండ్రి నాటి కత్తి. సానరాయి మీద నూరి, తోలుపట్టీ మీద అటూ ఇటూ లాగి, బొటనవేలి గోటి మీద ఆనించి చూసేవాడు. ఆ చేతి కింద పరంధామయ్య కునుకు తీసేవాడు. అలాంటిది ఈ మధ్య ఒకసారి గడ్డం కింద తెగింది. వారం తిరక్కుండా చెవి దగ్గర మళ్ళీ తెగింది. ఎల్లుండి పరంధామయ్య మనవడికి పుట్టువెంట్రుకలు. మేనమామ మొదటి కత్తెర వేసి పక్కకు జరుగుతాడు, మిగతా తలంతా కత్తిదే. పదకొండు నెలల పిల్లవాడు. మాడు ఇంకా పూర్తిగా పూడలేదు, వేలు పెడితే కొట్టుకుంటోంది.

కత్తి అంచులో నొక్కు పడిందని కోటిలింగం నమ్మకం. ఎక్కడో కనిపెట్టాలని అద్దాల కోసం తిరిగాడు. ఆ తిరుగుడంతా షాపు కుర్చీలో కూర్చున్న పరంధామయ్యతో చెబుతుంటే జేబులోంచి విన్నాను.

"లెక్కల మాస్టారి అద్దంలో కత్తి పెద్దదవుద్ది గానీ అంచు అవపడదయ్యగారూ. వాచీల మస్తాన్ కంట్లో పెట్టుకునే గ్లాసిచ్చాడు. అందులో అంచు రంపంలా ఉంది. అదన్నా కుదురుగా ఉంటేనా, గాలానికి పడ్డ చేపలా ఎగురుద్ది! మళ్ళీ నూరాను, మళ్ళీ చూశాను, మళ్ళీ ఎగిరింది. పవరెక్కువై నిలవట్లేదంట."

"అయితే ఇది చూడు. కాళ్ళ మీద నిలబడుద్ది" అని పరంధామయ్య నన్ను తీసిచ్చాడు. "కత్తిని బల్ల మీద పెట్టు, దీన్ని కత్తి మీద పెట్టు. నువ్వు పట్టుకునే పనిలేదు."

కోటిలింగం వేళ్ళలోకి వెళ్ళగానే నా రేకులు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి.

"బందులు వదులయ్యాయండి" అన్నాడతను.

"నా దగ్గర ఎప్పుడూ చప్పుడు చెయ్యలేదే" అన్నాడు పరంధామయ్య. నిజమే. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యలేదు.

అప్పుడే నాంచారమ్మ కాఫీ తెచ్చింది. నిండా పోస్తే మొగుడు ఒలకబోసుకుంటున్నాడని కొన్నాళ్ళుగా సగం గ్లాసే తెస్తోంది. గ్లాసు బల్ల మీద పెట్టి, రాజరత్నం పుణ్యమా అని ఆ పేలేవో తనూ చూద్దామని నిలబడింది.

కోటిలింగం కత్తిని బల్ల మీద పడుకోబెట్టి, నన్ను పైన నిలబెట్టి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వంగాడు. అంచు మొద్దుబారిన చోట వెలుతురు పడితే తెల్లటి చుక్క మెరుస్తుంది. పదునున్న చోట ఏమీ మెరవదు. పిడి దగ్గర్నుంచి మొన దాకా నన్ను అంగుళం అంగుళం జరిపాడు. చుక్క లేదు. రంపం లేదు. ఏదీ ఎగరలేదు. దువ్వి పరిచిన పట్టుపోగులా ఒక్కటే గీత. అంత శుభ్రమైన అంచును నేను బట్టలో కూడా చూడలేదు.

"ఒక్క నొక్కు కూడా పళ్ళా!" కోటిలింగం మొహం వెలిగిపోయింది. "చూడండయ్యగారూ, మీరూ చూడండి!"

పరంధామయ్య చూశాడు. అలవాటు కొద్దీ ఒకటీ రెండూ అని లెక్కపెట్టబోయి ఆగాడు. "కత్తిది తప్పు లేదన్నమాట. బతికించావు కోటీ. ఎల్లుండి పొద్దున్నే వచ్చెయ్."

నాంచారమ్మ కూడా వంగి చూసింది. కోటిలింగం నన్ను తీసి మడవబోయాడు. నేను టకటకమన్నాను. ఆమె నన్ను చూసింది, ఆ వేళ్ళను చూసింది. సగం గ్లాసును పక్కకు జరిపి మొగుడితో అంది.

"కత్తి బాగానే ఉందిగా. ఇక మిగిలింది నీ చెయ్యేనయ్యా. ఎల్లుండి దాన్ని ఆ పిల్లోడి మాడు మీద పెట్టమాక."