తిప్పిన బొమ్మ

“అక్కడైనా నువ్వు చేసేది వంటేగా,” అన్నాడు భర్త, ఫోన్లోంచి తల ఎత్తకుండా. “ఇంట్లో గిన్నెలు, అక్కడ గాజు బుడ్లు. అంతేగా తేడా.”

ఈ జోకుకి వాళ్ల పెళ్లంత వయసుంది. ఇంటికి ఎవరొచ్చినా కాఫీతో పాటు దీన్నీ అందిస్తాడు. వచ్చినవాళ్లు నవ్వుతారు. మొదట్లో ఆమె కూడా నవ్వేది. ఈ పొద్దున మాత్రం నవ్వు రాలేదు. చేతిలో అత్తగారి మాత్రల డబ్బా ఉంది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని గళ్లున్న డబ్బా. ప్రతి ఆదివారం దాన్ని ఒళ్లో పెట్టుకుని భర్తే నింపుతాడు. “మా అమ్మ మందులు మాత్రం నేనే చూసుకుంటాను, ఇంకొకళ్లని నమ్మను,” అని చుట్టాలందరికీ చెబుతాడు. వాళ్లు “కొడుకంటే అలా ఉండాలి” అంటారు. ఆ కొడుకు ప్రతి వారం రాత్రి వేసే మాత్రల్ని ఉదయం గళ్లలో పోస్తాడు. ప్రతి సోమవారం పొద్దున ఆమె ఎవరూ చూడకుండా వాటిని తీసి సరైన గళ్లలో వేస్తుంది. ఆయన పొరపాటు చేస్తాడన్న సంగతి ఆయనకే తెలియనంత చక్కగా సర్దుతుంది.

“మందులు చేసే కోడలుండి ఏం లాభం,” అంది అత్తగారు సోఫాలోంచి. “నా మోకాళ్ల నొప్పికి ఒక్క బిళ్ల తెచ్చిపెట్టింది లేదు. ఏవో ఎలుకలకి మాత్రం పోస్తుందట.”

“ఇవాళ అమ్మని కంటి డాక్టరుకి చూపించాలి. నువ్వు సెలవు పెట్టెయ్,” అన్నాడు భర్త.

“ఇవాళ మా దగ్గరికి కమిటీ వస్తోందండీ. మా మందుని ముందుకి పంపాలా వద్దా అని తేల్చేది వాళ్లే.”

“వస్తే? అక్కడ మాట్లాడేది మీ సారేగా. నువ్వు నోరు విప్పేదేముంది?”

అది నిజమే. నిజం కాబట్టే ఒళ్లు మండింది.

మూర్ఛ వచ్చి విరుచుకుపడిపోయే పసిపిల్లల కోసం వాళ్ల లాబ్‌లో ఒక మందు తయారవుతోంది. మెదడు నరాల్లో ఉండే ఒక ప్రోటీన్‌లో చిన్న గుంట లాంటిది ఉంటుంది. ఆ గుంటలో సరిగ్గా ఇమిడే అణువు ఒకటి కావాలి. ఇమిడిందా, మూర్ఛ ఆగుతుంది. చెప్పుకోవడానికి ఇంతే. మొదట దొరికిన అణువు అందులో వదులుగా కూర్చుంది. ఒక మూల కాస్త పెంచితే గట్టిగా పట్టింది కానీ నీళ్లలో కరగనంది. కరిగేలా మారిస్తే లివర్ దాన్ని పూట తిరక్కుండా ముక్కలు చేసి బయటికి గెంటింది. లివర్‌కి దొరక్కుండా అక్కడొక ఫ్లోరిన్ పరమాణువు తగిలిస్తే, మెదడు గడప దాటి లోపలికి పోనని మొరాయించింది. ఇటు సర్దితే అటు చెడుతుంది. ఈ విద్య ఆమెకి ఏ ప్రొఫెసరూ నేర్పక్కర్లేదు. కూరలో కారం తగ్గిస్తే భర్త పళ్లెం పక్కకి జరుపుతాడు, పెంచితే అత్తగారికి కడుపులో మంట, పోనీ రెండు రకాలు చేస్తే ఇంత దుబారా ఏమిటని ఇద్దరూ కలిసి అలుగుతారు. ఉప్పు తగ్గినరోజు అందరికీ నోరొస్తుంది, సరిపోయినరోజు ఒక్కరికీ మాట రాదు.

చివరికి అన్నిటికీ ఒప్పుకున్న అణువు దొరికింది. దొరికిందంటే రోడ్డు మీద దొరకలేదు, ఆమె చేసింది. కానీ అది ఒంటరిగా పుట్టలేదు, కవలగా పుట్టింది. కుడిచెయ్యికి ఎడమచెయ్యి ఎలాగో, దానికి దాని కవల అలాగ. అద్దంలో బొమ్మ. అవే పరమాణువులు, అదే బరువు. అయినా ఒక చేతి తొడుగు ఇంకో చేతికి పట్టదు కదా, గుంటలో ఇమిడేది ఆ రెండిట్లో ఒకటే.

“కలిపే ఇద్దాంలేమ్మా,” అన్నాడు సారు అప్పట్లో. “సగం పనిచేస్తోందిగా, చాలదూ? విడదీయడం మనవల్ల అయ్యే పని కాదు.”

సగం పనిచేస్తుంటే మిగతా సగం దాని వీపెక్కి ఊరేగే కాపురం ఎలా ఉంటుందో సారుకేం తెలుసు. ఆమెకి తెలుసు. అందుకే సారు వద్దన్నా, శనివారాలు లాబ్‌కి పోయి తనే విడదీసింది. పళ్లలో దొరికే ఒక ఆమ్లంతో కలిపితే, ఒక కవల స్ఫటికాలై అడుక్కి దిగుతుంది, రెండోది పైన ద్రవంలోనే ఉండిపోతుంది. అది తెలుసుకోవడానికి ఎన్ని ద్రావకాలు మార్చిందో, ఎన్నిసార్లు బుడ్డి అడుగున జిగురు తప్ప ఏమీ మిగల్లేదో. “శనివారం కూడా ఏం వండుతున్నావే అక్కడ?” అనేవాడు భర్త. మొదటిసారి తెల్లటి సూదుల్లాంటి స్ఫటికాలు దిగినరోజు లాబ్‌లో ఆమె ఒక్కతే ఉంది. ఆ సంబరం ఎవరితో చెప్పుకోవాలో తోచక, దారిలో ఒక ఐస్‌క్రీం కొనుక్కుని బస్టాపులో నిలబడి తినేసింది. ఇంటికొచ్చేసరికి, పొయ్యి వెలగలేదని ఇద్దరూ మొహాలు ముడుచుకుని కూర్చున్నారు.

ఆ స్ఫటికాల్లో ఉన్నదే మూర్ఛని ఆపింది. ద్రవంలో మిగిలిన రెండోదాన్ని వేరుగా ఇస్తే మూర్ఛ ఆగలేదు సరికదా, ఎలుకల గుండె నెమ్మదించిపోయింది. అంటే కలిపి ఇచ్చి ఉంటే? సారు ఆ స్ఫటికాల సీసాని వెలుతుర్లో పట్టి చూసి, “మనం సాధించాం,” అన్నాడు. నెల తిరిగేసరికి ఎక్కడ చూసినా “నేను సాధించాను” అనడం మొదలుపెట్టాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఫోన్ మోగింది. సారు మెసేజ్. “అమ్మా, ఇవాళ కమిటీకి చూపించేది పంపాను. ఒకసారి చూసి, తప్పులుంటే దిద్ది పంపు. మీటింగుకి నువ్వు శ్రమపడి రానక్కర్లేదు. వచ్చినవాళ్లకి కాఫీలు అవీ అందేలా చూస్తే చాలు.”

మాత్రల డబ్బా పక్కన పెట్టి లాప్‌టాప్ తెరిచింది. మొదటి పేజీ నిండా సారు పేరు, ప్రతి పేజీ మూలా సారు ఫొటో. ఆమె పేరు చిట్టచివర, సహకరించినవాళ్లలో, గాజుసామాను సరఫరా చేసే కంపెనీ పేరుకి కిందుంది. దానికి ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. వెనక్కి తిప్పుకుంటూ వస్తుంటే అణువు బొమ్మ దగ్గర చూపు ఆగిపోయింది.

అది ఆమె అణువు కాదు.

కాగితం చదునుగా ఉంటుంది, అణువు ఉండదు. అందుకని చూసేవాళ్ల వైపుకి వచ్చే బంధాన్ని లావుపాటి మేకులాగా, వెనక్కి పోయేదాన్ని చుక్కలుగా గీస్తారు. ఆమె గీసిచ్చిన బొమ్మ ఎడమవైపుకి చూస్తుండేది. సారుకి అది నచ్చినట్టు లేదు. తన ఫొటో వైపుకి తిరిగి ఉంటే అందంగా ఉంటుందనుకుని, మొత్తం బొమ్మని ఎడమనుంచి కుడికి తిప్పేశాడు. ఫొటోలో మనిషిని అలా తిప్పితే పాపిడి అటుమారి ఇటొస్తుంది, మనిషి మారడు. అణువుని తిప్పితే ఏకంగా కవల వచ్చి కూర్చుంటుంది. ఎలుకల గుండె నెమ్మదింపజేసిన కవల. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న మనిషి, సొంత ఫొటో పక్కన అందం కోసం, పిల్లల మందుని తిరగేసి పెట్టాడు. కమిటీ సరేనంటే, ఆ బొమ్మ చూసే ఫ్యాక్టరీవాళ్లు కిలోలకొద్దీ చేసి పెడతారు.

చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయింది. ఇంకోసారి తిప్పితే చాలు, సరైపోతుంది. సారుకి తెలియనక్కర్లేదు. ఎప్పుడు తెలిసింది గనక? ఆయన కలిపేసిన లెక్కలు, తారుమారు చేసిన పేర్లు, చదవకుండా సంతకం పెట్టిన రిపోర్టులు, అన్నీ ఆమె చేతిలో పడి బాగుపడి తిరిగి వెళ్లేవి. అందుకే ఆయన తప్పుచేయని మేధావి. అందుకే ఇంట్లో ఈయన తల్లిని కంటికి రెప్పలా చూసుకునే కొడుకు. వీళ్లిద్దరి గొప్పతనాన్నీ ఇన్నేళ్లుగా ఊడ్చి, తుడిచి, మెరుగుపెట్టి నిలబెడుతున్నది తనేనా? ఈ పనికి జీతం లేదు, పేరు లేదు, పైగా వంటమనిషి అని జోకొకటి! అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్ల మీద ఎంత కోపమో, ఇన్నాళ్లూ చక్కగా దిద్దుతూ వచ్చిన తన చేతుల మీదా అంతే కోపం.

లాప్‌టాప్ మూసింది. మాత్రల డబ్బా తీసుకెళ్లి భర్త ముందు పెట్టింది.

“ఉదయం గళ్లలో రాత్రి మాత్రలున్నాయి. తీసి సరిగ్గా వేయండి.”

“నేను సర్దినవా? తప్పుండదే!”

“ప్రతి వారం ఉంటుంది. ప్రతి వారం నేను మారుస్తున్నాను. ఇక మార్చను. చీటీ చూసి మీరే వేయండి, నేను ఇక్కడే నిలబడి చూస్తాను.”

అత్తగారు టీవీ గొంతు తగ్గించింది. కొడుకు చీటీ పట్టుకుని, తడబడుతూ, ఒక్కొక్క బిళ్లే తీసి వేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. చివరి గడి మూత పడేదాకా ఆమె కదల్లేదు.

“సరిపోయింది. కంటి డాక్టరు దగ్గరికి కూడా మీరే తీసుకెళ్లండి.”

“నాకు మీటింగుంది!”

“నాకూ ఉంది,” అని చెప్పులేసుకుంది.

మీటింగు గదిలో ఆమె వెనకవరసలో, కాఫీ ఫ్లాస్కుల పక్కన కూర్చుంది. సారు చూసి, వచ్చావా సరే అన్నట్టు తలూపాడు. చాలా బాగా మాట్లాడాడు. పసిపిల్లల గురించి చెబుతున్నప్పుడు గొంతు కూడా వణికించాడు. ఆ బొమ్మ తెరమీదికి వచ్చింది, సారు ఫొటో వైపు ముచ్చటగా తిరిగి.

ఆమె లేచి నిలబడింది. గొంతు వణకలేదు.

“ఆ బొమ్మ తప్పు.”

సారు నవ్వాడు. “అమ్మా, కాఫీ తాగేటప్పుడు మాట్లాడుకుందాం.”

“కాఫీకి ముందే మాట్లాడాలి సార్. అది మన మందు కాదు. దాని కవల. ఈ బొమ్మ చూసి చేయిస్తే వచ్చేది పిల్లలకి మూర్ఛ ఆపదు, గుండె ఆపినా ఆపుతుంది.”

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. కమిటీ పెద్ద ఒక పిల్లల డాక్టరు. కళ్లజోడు పైకి తోసుకుని తెరకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. “ఈవిడెవరు?”

“మా అమ్మాయే,” అన్నాడు సారు. “టీములో సాయం చేస్తుంటుంది.”

“సాయం కాదండీ,” అందామె. “ఆ అణువుని చేసింది నేను. కవలల్ని విడదీసింది నేను. వీరు చేసింది బొమ్మ తిప్పడం.”

సారు తెరకేసి తిరిగాడు. మేకులాంటి గీత ఎటుందో చూసుకున్నాడు. మొహంలో రక్తం దిగిపోయింది. ఆ కంగారులో, ఎవరి ముందున్నాడో కూడా మర్చిపోయి కసిరాడు. “పొద్దున్నే నీకు పంపాను కదా! దిద్దమనే కదా పంపింది! ఎప్పుడూ దిద్దేది నువ్వే కదా!”

ఆ మాట గదిలో అందరూ విన్నారు. కాసేపటికి సారు కూడా విన్నాడు. మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

ఆమె ముందుకి నడిచి, బోర్డు మీద తన పేరు రాసి, దాని పక్కన అణువుని గీయడం మొదలుపెట్టింది.

“దిద్దుతున్నాను సార్,” అంది. “ఈసారి అందరి ముందూ.”