సింకు కింద గిన్నె

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది పెద్దావిడ. లేవగానే వంటింట్లోకి వెళ్లి, ఒక చేత్తో గట్టు పట్టుకుని వంగి, సింకు కింద తలుపు తీసేది. ఉల్లిపాయల బుట్ట వెనక ఒక స్టీలు గిన్నె అంచుదాకా నిండి ఉండేది. చప్పుడు కాకుండా దాన్ని లాగి, నీళ్లు పారబోసి, అడుగుచెక్కను పొడిగుడ్డతో తుడిచేది. మళ్లీ గిన్నె పెట్టి, బుట్ట అడ్డం జరిపి, తలుపు మూసేది. కోడళ్లు కళ్లు నులుముకుంటూ వచ్చేసరికి, ఏమీ ఎరగనట్టు పొయ్యి మీద టీ నీళ్లు మరుగుతుండేవి. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ ఇదే పని ఇంకోసారి.

ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, చిన్నవాడి కూతురు బుడంకాయ. అందరిదీ ఒకటే పొయ్యి. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమిడ్చావు, నీకు దణ్ణం పెట్టాలి" అని వీధిలోవాళ్లు ఆమెకు సర్దుబాటమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే ఆమెకు కడుపు నిండేది.

ఇంటాయన పోయేముందు పనులు పంచి వెళ్లాడు. మోటారు, టాంకు, నీళ్ల పైపులు పెద్దవాడివి. పొయ్యి, సింకు, వంటింటి సామాను చిన్నవాడివి. ఎంత ముందుచూపున్న మనిషికైనా ఒకటి తప్పిపోతుంది. ఒక చివర గోడలోని నీళ్లకూ, మరో చివర సింకు కుళాయికీ తగులుకున్న జానెడు కనెక్షన్ పైపు ఎవరి వంతో ఆయన చెప్పలేదు. కారడం మొదలైంది సరిగ్గా అక్కడే.

"నీళ్లు నీవి కదా అన్నయ్యా, నువ్వే మార్పించు."

"గోడదాకానే నావి. గోడ దాటితే నీ వంటిల్లు."

"అయితే గోడ దగ్గరే ఆగమని నీ నీళ్లకు చెప్పు!"

మొదట నవ్వుకుంటూనే అన్నారు. రెండో రోజు నవ్వు లేదు. మూడో రోజు గొంతులు లేచాయి. పెద్దావిడకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. తన పుట్టిల్లు ఒక తలుపుగడియ దగ్గర పుట్టిన మాటతోనే రెండు ముక్కలైంది. ఆ రోజు బండెక్కిన పిన్ని మళ్లీ కంటికి కనబడలేదు. అందుకే అడ్డం వెళ్లి, "ఆగిపోయిందిరా, నట్టు నేనే బిగించా, ఇక ఊరుకోండి" అంది. ఆగింది మాటలు మాత్రమే.

ఆ సింకు గోడకు అవతలిది చిన్నకోడలి గది. ఆమె బట్టలు కుట్టి ఇస్తుంది. కుట్టినవి మడిచి గోడవార చెక్కపెట్టెలో పెడుతుంది. ఒకరోజు ఆమె వంటింట్లోకి వచ్చి, "అక్కా, నా గోడ చెమ్మగిల్లుతోంది. ఆ పైపు ఇంకా కారుతున్నట్టుంది" అంది.

పెద్దకోడలు తలుపు తీసి, బుట్ట ముందు చెక్క మీద చెయ్యి రాసింది. పొడిగా ఉంది. "బట్టలే అనుకున్నా, మాటలు కూడా బాగా కుడతావే! మా ఆయన చేత పైపు కొనిపించాలని కాదూ? ఎందుకమ్మా ఈ అబద్ధాలు?"

చిన్నకోడలి ముఖం ఎర్రబడింది. అత్తగారివైపు తిరిగింది. "అత్తయ్యా, పొద్దున్నే ఇక్కడుండేది మీరే. మీరు చెప్పండి. కారుతోందా, లేదా?"

పెద్దావిడ అరచేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. వాటిని కొంగు చాటుకు తీసుకుంది.

"ఏమోనమ్మా. ఈ కళ్లకు ఏం ఆనుతుంది?"

అంతే. చిన్నకోడలు తన గదిలోకి వెళ్లిపోయింది. ఇంట్లో ఆ పూట గొడవ లేదు. గండం గడిచిందనుకుంది పెద్దావిడ.

తర్వాత కొన్నాళ్లకు ఆమెకు నడుం పట్టేసింది. మంచం దిగలేని స్థితి. వంటింటి పక్క గదిలో పడుకుని చెవులు రిక్కించి వినేది. ఖాళీ గిన్నెలో చుక్క టంగుమంటుంది. సగం నిండితే టుప్పుమంటుంది. ఆ సాయంత్రానికి ఆ మాత్రం చప్పుడూ వినబడలేదు. గిన్నె పొంగి చెక్క మీదికి పారుతోందని ఆమెకు తెలుసు.

పెద్దకోడలు మాత్ర తెచ్చి, "ఏమైనా కావాలా అత్తయ్యా?" అంది.

మాట గొంతుదాకా వచ్చింది. చెబితే, నీకెలా తెలుసని అడుగుతారు. "ఏం లేదమ్మా" అంది.

చిన్నకోడలు వచ్చి దుప్పటి సర్ది, అదే అడిగింది. ఆమెకూ అదే జవాబు.

నాలుగు రోజులకు చిన్నకోడలు చెక్కపెట్టె తెరిచింది. గోడలోంచి ఊరిన నీళ్లకు అడుగు నాని ఉబ్బిపోయింది. ఎవరి పెళ్లికో మర్నాడు ఇవ్వాల్సిన బట్టలు నల్లటి బూజు మచ్చలతో ముద్దగా ఉన్నాయి. ఆమె ఏడవలేదు. ఒక్కొక్కటే తెచ్చి వంటింటి గట్టు మీద పరిచింది. అన్నదమ్ములు మళ్లీ గోడకు ఇవతలా అవతలా అని అరుచుకున్నారు. చివరికి చిన్నవాడు వెళ్లి ప్లంబరును వెంటబెట్టుకొచ్చాడు.

అతను వాల్వు కట్టేసి, పాత పైపు విప్పి కొత్తది బిగించాడు. పోసిచ్చిన టీ చల్లారేలోగానే పని అయిపోయింది. విప్పిన పైపును చిన్నవాడి చేతిలో పెట్టాడు. "చూడండి బాబూ, నట్టు చుట్టూ చిలుం ఎలా పేరుకుందో. ఇది చాలాకాలంగా కారుతోంది. ఎవరో ఎత్తిపోస్తూ వచ్చినట్టున్నారు."

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ, "నేనే" అంది.

పెద్దకోడలు తల వంచుకుంది. చిన్నకోడలు మాత్రం అత్తగారినే చూస్తూ నిలబడింది.

"నన్ను అబద్ధాలకోరు అన్నప్పుడు మీరు పక్కనే ఉన్నారత్తయ్యా."

"గొడవవుతుందని తల్లీ... ఇల్లు రెండవుతుందని..."

"గొడవ ఆగిందా? మీ ముందు నుంచి తీసి నా నెత్తిన పెట్టారు, అంతే. పైపు కారినందుకు కాదు, నేను వెళ్లిపోయేది. నిజం తెలిసిన ఒక్క మనిషీ నోరు విప్పనందుకు."

ఆ వారంలోనే బండి వచ్చింది. కుట్టుమిషను ఎక్కింది, చిన్నవాడూ భార్యాబిడ్డలతో ఎక్కాడు. ఉబ్బిన చెక్కపెట్టెను మాత్రం ఇక్కడే వదిలేశారు. "నాన్నమ్మా, నువ్వు ఎక్కవా?" అని బుడంకాయ బండి మీంచి అడిగింది. జవాబు చెప్పేలోగా బండి వీధి మలుపు తిరిగింది.

మర్నాడు పొద్దున్నే పెద్దావిడ అలవాటు చొప్పున సింకు కింద తలుపు తీసింది. గిన్నెలో చుక్క నీరు లేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడింది. ఇన్నాళ్లూ తాను నీళ్లు పారబోసిందే గాని, కారడాన్ని ఆపలేదు.

అమ్మలారా, ఇంటి శాంతి కోసమని ఎవరూ చూడకుండా ఇలాంటి గిన్నెలు ఎత్తిపోసే వాళ్లు మనలో ఎందరో ఉన్నారు. లోకం దాన్ని ఓర్పు అని మెచ్చుకుంటుంది, మనమూ పొంగిపోతాం. కాని ఆ ఓర్పు వల్ల తప్పు చేసినవాడికి తన తప్పు కనబడదు. నిజం చెప్పినవాళ్లు అబద్ధాలకోరులవుతారు. ఇక ముందు నోరు మూసుకుని సర్దుకుపోయే ముందు, మీ మౌనం ఎవరి గోడను తడుపుతోందో ఒక్కసారి అవతలి గదిలోకి వెళ్లి చూడండి.