బావ గదికి కొత్త వైరు

మా బావ స్పీకర్లకు టెలిఫోను వైరు వేసుకోవడం చూసిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. వైర్ల దుకాణం నడిపే మరదలు నాలుగు వీధుల అవతలే ఉండగా, ఈ మహానుభావుడు పాత ఫోను నుంచి పీకిన సన్న తీగకు రెండుచోట్ల అతుకులేసి, తివాచీ కింద నుంచి పడగ్గదిలోకి లాగాడు. కుర్చీ కాలి కింద నలిగి రాగి బయటపడింది.

"ఆ రెండు తీగలూ తగులుకుంటే యాంప్లిఫయరు కాలుతుంది. ఇల్లు తగలబెట్టుకుందామనా?" అన్నాను.

"నేనేమన్నా పాటలు వింటున్నానా? మీ అక్క మాట వినడానికి అది చాల్లే."

అక్క గుండెపోటుతో పోయి ఇంకా ఏడాది కాలేదు. చూపులేని పిల్లల కోసం తను పాఠాలు పైకి చదివేది, బావ రికార్డు చేసేవాడు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి నుంచి చదవాల్సిందేనని ఆయన పట్టు. ఇప్పుడు ఆయనకు మిగిలింది ఆ పాఠాలే. భూగోళమో, లెక్కలో, ఏదో ఒకటి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు.

పలకరించడానికి ఎవరొచ్చినా ఒకటే మాట. "ఒంట్లో బాగాలేదని ఒక్క ముక్క చెప్పలేదు నాకు. చెప్పుంటే బతికించుకునేవాణ్ణి." ఆ కోపం పట్టుకునే ఆయన నెట్టుకొస్తున్నాడు. మేమెవరమూ కాదనేవాళ్ళం కాదు.

చెయ్యి పట్టుకుని దుకాణానికి లాక్కెళ్ళాను. తిన్నగా వెళ్ళి బంగారు రంగులో మెరిసే పెట్టె అందుకున్నాడు.

"మెరుపు కాదు బావా, లోపల మంచి రాగి ఉందో లేదో చూడు. దూరం ఎక్కువైతే తీగ లావుగా ఉండాలి, లేకపోతే మాట దార్లోనే నీరసపడిపోతుంది. పైగా ఇది గోడలోంచి వెళ్ళాలి. తొడుగు తొందరగా నిప్పంటుకోనిదై ఉండాలి."

"నీ దగ్గర వైరు కొనాలన్నా పరీక్ష రాయాలే!"

"రాసి పాసవ్వు."

గోడకు కన్నం వేసి, గొట్టంలోంచి లాగి, ఎరుపు ఎరుపుకీ నలుపు నలుపుకీ బిగించాను. బావ ఒక పాఠం పెట్టాడు. నదుల గురించి. అక్క చివరిసారి చదివింది అదే, పిల్లలకు పంపకుండా మిగిలిపోయింది.

అక్క మంచం మీద కూర్చుని చదువుతున్నట్టే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. బావ మాత్రం నవ్వాడు, ఇన్నాళ్ళకి.

ఒక వాక్యం మధ్యలో అక్క ఆగింది. ఇదివరకు అక్కడ గరగర తప్ప ఏమీ వినపడేది కాదట. ఇప్పుడు ఆయాసం వినపడింది. తర్వాత, మైకుకు దూరంగా, చిన్న గొంతుతో అక్క:

"కాసేపు ఆపండి. గుండెల్లో పట్టేసినట్టుంది."

వెంటనే బావ గొంతు, విసుగ్గా:

"ఇంకెంత, రెండు పేజీలేగా. ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. చదివెయ్."

కాగితం తిప్పిన చప్పుడైంది.

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "చెప్పింది," అన్నాడు నా వైపు తిరిగి. "నాకు చెప్పిందే."

నేను పాఠం కట్టెయ్యబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు. అక్క మళ్ళీ ఎక్కడా ఆగకుండా, ఆ రెండు పేజీలూ చదివేసింది.