రాజుగారి గొలుసు

లఫూర్ష్ బయూ అనే నిదానపు ఏటి ఒడ్డున పొలాలు రిబ్బన్లలా ఉంటాయి. ముందు నీళ్ళు, వెనక చిత్తడి అడవి, మధ్యన సన్నగా పొడుగ్గా చెరకు. ఎప్పుడో ఫ్రాన్సు రాజు మనుషులు ఇనప గొలుసుతో అలా కొలిచిచ్చారు. తర్వాత తండ్రులు పోయినప్పుడల్లా పిల్లలు నిలువునా చీల్చుకున్నారు. ఎల్మీర్ అనే పిల్ల వాళ్ళ నాన్నకి అరవై అడుగుల వెడల్పు పట్టె మిగిలింది. పక్క పట్టె ఆయన అక్క అజేమాది. పిల్లల్లేరు, మొగుడు పోయాడు.

చెరకు నరికే ముందు ఏటా ఒక రోజు, మధ్యాహ్నం చర్చి గంట కొట్టే వేళకి, రాజుగారి గొలుసు బయూలోంచి లేస్తుంది. పట్టుకున్నవాడు కనబడడు. తడి గొలుసు మాత్రం గట్ల వెంట అడవి దాకా పాక్కుంటూ పోతుంది. ఆ ఏడాది ఇరవై ఏళ్ళు నిండినవాళ్ళు అప్పుడు ఏ పట్టెలో ఉంటే జన్మంతా ఆ పట్టెవాళ్ళే. సంతకెళ్ళినా, చర్చికెళ్ళినా, పొద్దువాలితే కాళ్ళు అక్కడికే తీసుకొస్తాయి.

ఎల్మీర్‌కి ఆ ఏడే ఇరవై నిండాయి. అవతలి ఒడ్డున తియోజెన్ ఉన్నాడు. వాణ్ణి గొలుసు పోయినేడే అక్కడ లెక్కేసింది. వాడి నవ్వు తలుచుకుంటేనే ఈ పిల్లకి చెరకుతోట అంతా ఊగినట్టుండేది. గొలుసు రాకముందే బయూ దాటాలి. శనివారం పెళ్ళి.

"అత్తకి గుమ్మంలోంచే చెప్పి రా. కూర్చున్నావో, చూడు!" అంది అమ్మ, గొలుసు వచ్చే రోజున, పొద్దెక్కాక.

అత్త అప్పటికే కాఫీ మొదలెట్టింది. పొడి మీద వేన్నీళ్ళు చెంచా చెంచా పోస్తోంది. మా వైపు కాఫీ చుక్క కింద గిన్నెలో పడడం మొదలయ్యాక తాగకుండా లేచిపోతే ఆ ఇంటిని తిట్టినట్టే. ఎల్మీర్ కుర్చీ అంచు మీద కూర్చుంది.

"ఆ కొంగకాళ్ళవాడేనా?" అంది అత్త.

"కొంగైతే ఏం అత్తా, నా కొంగ."

"అబ్బో! ముక్కు కూడా నీదేనా?"

ఇద్దరూ నవ్వారు. ఇంకో చెంచా. టప్.

"నీళ్ళు తొందరగా పోయొచ్చుగా అత్తా."

"తొందరపడితే చేదెక్కుతుందే తల్లీ."

మెట్ల కింద కుక్క రొప్పడం ఆపేసింది. కప్పలు మూగపోయాయి. ఎల్మీర్ లేవబోయింది.

"ఒక్క గుక్క," అంది అత్త, కప్పు రెండు చేతులా పట్టుకుని. ఆ ఇంట్లో ఆ కప్పు తాగేవాళ్ళు వేరే లేరు. ఎల్మీర్ జాలిపడి అందుకుంది.

గట్టు మీద ఇనుము ఈడ్చిన చప్పుడు గోడ పక్కగా వచ్చి, మెల్లగా అడవి వైపు వెళ్ళిపోయింది. గంట ఆ తర్వాత కొట్టారు.

"నువ్వు పుట్టినప్పుడే నిన్ను పెంచుకుంటానని అడిగాను మీ నాన్నని," అంది అత్త, ఆమె వైపు చూడకుండా. "ఇవ్వనన్నాడు."

సంగతి విని తియోజెన్ పడవేసుకుని వచ్చాడు. "గొలుసు లేదు గిలుసు లేదు, పద" అన్నాడు. ఎల్మీర్‌ని అవతలికి తీసుకెళ్ళి వాళ్ళమ్మ వరండాలో కూర్చోబెట్టాడు. ఎల్మీర్ కిలకిలా నవ్వుతూ కబుర్లు చెప్పింది. పెళ్ళికి ఏ పాట వాయించాలో చెబుతూ, సగం మాటలో లేచింది. పొద్దువాలుతోంది.

"చెయ్యి వదులు తియోజెన్, నొప్పెడుతోంది," అంది ఏడుస్తూ. కాళ్ళు మాత్రం ఆగలేదు. ఒడ్డు దిగాయి. మోకాలి లోతు, నడుం లోతు.

మునిగిపోతుందని భయమేసి, తియోజెనే ఆమెను పడవలోకి లాక్కుని, అజేమా ఒడ్డున దింపి వచ్చాడు.