రెంటచింతల జోన్

పొద్దున లేవగానే ఉదయభాస్కర్ చేసే మొదటి పని, హాల్లో గోడకున్న హీటింగ్ ప్యానెల్‌ని పద్దెనిమిదికి దించడం. పళ్ళు తోముకోవడం ఆ తర్వాత. అతను కాఫీ కలుపుకుని వచ్చేలోగా నిరుపమ శాలువా కప్పుకుని మేడ దిగి వచ్చి, దాన్ని ఇరవై నాలుగుకి పెంచి వెళ్ళిపోతుంది. ఒకరినొకరు ఏమీ అనుకోరు. ఈ దేశం వచ్చి హాబ్సన్‌విల్‌లో ఈ ఇల్లు కొన్న కొత్తలో అనుకునేవాళ్ళు, ఆ వెంటనే నవ్వుకునేవాళ్ళు. కూతురు నిహారిక చదువుకోవడానికి డునీడిన్ వెళ్ళాక ఆ నవ్వూ పోయింది. ఇప్పుడు భార్యాభర్తల మధ్య జరిగే సంభాషణ అంతా ఆ రెండు అంకెల్లోనే జరుగుతోంది.

తప్పు ఫలానా వాళ్ళదని చెప్పడానికి లేదు. ఉదయభాస్కర్‌ది పల్నాట్లో రెంటచింతల. ఎండల గురించి పేపర్లో వార్త రాయాలంటే ముందు ఆ ఊరి పేరు రాసి తర్వాత మిగతాది రాస్తారు. మంచం పట్టీ కూడా చురుక్కుమనే ఊళ్ళో పెరిగినవాడికి చలి అంటే కష్టపడి సంపాదించుకున్న సుఖం. ఇక్కడ నడిచలికాలమైన జూలైలో కూడా కిటికీ ఓరగా తీసి పడుకుంటాడు. నిరుపమది మదనపల్లె. చల్లని ఊరే అయినా ఆవిడ పుట్టుకతోనే చలికి తట్టుకోలేని మనిషి. ఆ కిటికీ పుణ్యమా అని ముందు దుప్పట్లు వేరయ్యాయి, తర్వాత గదులు వేరయ్యాయి. మేడ మీది గది ఆవిడది, గరాజ్ పక్కనున్న ఆఫీసు గది అతనిది.

ఈ గొడవ అంటని చోటు ఇంట్లో ఒక్కటే ఉంది. అది ఉదయభాస్కర్ మేనత్త సుభద్ర గది. తల్లి పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆవిడే. ఆవిడ ఈ దేశం వచ్చినప్పుడు పెట్టెలో నాలుగు నేతచీరలూ ఒక బొంతా తెచ్చుకుంది. వాటితోపాటు రెంటచింతల మే నెల కూడా వచ్చేసింది. అప్పట్నించీ ఏడాది పొడుగునా ఆ గదిలో నడివేసవే. బయట వాన జల్లు కొడుతుంటే, లోపల కిటికీ అంచున సుభద్ర పెట్టిన మామిడి ఒరుగులు గలగలమంటూ ఎండుతుంటాయి. వీధిలో తెలుగువాళ్ళంతా వడియాలు ఆవిడ దగ్గరికే పంపుతారు. వృద్ధాశ్రమంలో నర్సుగా చేసే గ్రేసమ్మ, డ్యూటీ దిగి ఇంటికి పోతూ ఆ గదిలో ఓ పావుగంట కూర్చుని, మోకాళ్ళు సాగాక లేచి వెళ్తుంది. సుభద్ర మాత్రం తన ఎండ ఎవరికీ ఇబ్బంది కాకూడదని ఎప్పుడూ తలుపు మూసుకుని, గుమ్మం కింద తడిగుడ్డ పెట్టుకుని ఉంటుంది.

జూన్ చివర్లో ఒక రోజు అన్నం తింటూ నిరుపమ చెప్పింది.

"టకానినిలో మా ఫార్మసీ పక్కనే ఒక ఫ్లాట్ చూసినా. ఈ చలిలో రోజూ మోటర్‌వే మీద డ్రైవ్ చేయలేకపోతున్నా. వింటర్ వరకే."

"వింటర్ వరకేనా?" అన్నాడు అతను.

"వింటర్ వరకే," అంది ఆవిడ, పెరుగు గిన్నె అతనివైపు జరుపుతూ.

వింటర్ అయిపోయాక ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. టకానిని దూరం నిన్న పుట్టిందేమీ కాదు, ఆవిడ ఆ మోటర్‌వే మీద ఎన్నో చలికాలాలు తిరిగింది. ఆవిడ వెళ్ళిపోతుందని ఉదయభాస్కర్‌కి భయమేసింది. ఆ మాట పైకి చెప్పడం చేతగాక, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ముదిరిపోయిన మగవాడు ఏం చేస్తాడో అదే చేశాడు. సమస్య హీటింగ్ సిస్టమ్‌లో ఉందని తేల్చుకుని, కొత్తది వెతకడం మొదలుపెట్టాడు. వారం రోజులు ఆఫీసు పని మానేసి రివ్యూలు చదివాడు.

హీటింగ్ కంపెనీ తరఫున సాయినాథ్ వచ్చాడు. నిజామాబాద్ కుర్రాడు, చేతిలో టెంపరేచర్ చూసే చిన్న మిషన్. ఇల్లంతా తిరిగి, సుభద్ర గదిలోకి వెళ్ళి, చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"అన్నా, పెద్దమ్మ రూమ్‌ల నలభై నాలుగు చూపిస్తుంది. అక్కడ వేడిగాలి వెంట్ వేస్ట్. మూసేద్దాం," అన్నాడు, ఆవిడ ఇచ్చిన ఒరుగు ముక్క నములుతూ.

"మూసెయ్. మిగతా ఇంటికి ఏది మంచిది?"

"మూడు రకాలున్నయ్. ఒకటి మామూలుది, ఇల్లు మొత్తానికి ఒక్కటే సెట్టింగ్. ఇంకోదాంట్ల గదికో జోన్, ఏ జోన్ కావాలంటే అది ఆన్ చేసుకుంటరు, వద్దంటే ఆఫ్. మూడోది స్మార్ట్ది. ఏ జోన్ టెంపరేచర్ దానిదే, ఎవరి జోన్ వాళ్ళ ఫోన్ల ఉంటది. కానీ పెద్దమ్మ గాక ఇద్దరే ఉంటరు కదా అన్నా, మీకు మొదటిది సాలు. నడుమ ఇరవై ఒకటి పెట్టుకుంటే అయిపాయె."

"మూడోదే పెట్టు," అన్నాడు ఉదయభాస్కర్. "మా ఆవిడ గదిలో ఎంత వేడి కావాలంటే అంత ఉండాలి. చలి అనే మాట మళ్ళీ రాకూడదు. వస్తే వెళ్ళిపోతుంది."

కట్టుకున్న భార్యకి చెప్పుకోలేని మాట హీటింగ్ కుర్రాడికి చెప్పుకున్నాడు. సాయినాథ్ తల ఊపి, నిచ్చెన తెచ్చుకోవడానికి వెళ్ళాడు.

శనివారానికి పనంతా అయిపోయింది. ప్రతి గదిలో తెల్లటి సెన్సర్ వెలిసింది. ఇంట్లో గాలిని లోపలికి లాక్కునే జాలీ సుభద్ర గది ఎదుట సీలింగ్‌లో అమిరింది. ఉదయభాస్కర్ ఫోన్ పట్టుకుని, పండక్కి చీర తెచ్చినవాడిలా మేడ మీదికి వెళ్ళాడు.

"ఇదిగో నిరూ, ఇది నీ జోన్. నీ ఫోన్లోనే ఉంటుంది. ముప్ఫై పెట్టుకో, నేను వేలు పెట్టను. పెడదామన్నా కుదరదు, లాక్ చేయించా."

నిరుపమ ఆ ఫోన్ వంక కాసేపు చూసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ కిందికి రాలేదు.

"బాగుంది. పంపకాలు కూడా మీరే చేసేసినారు," అంది.

ఆదివారం మధ్యాహ్నానికి కారు డిక్కీ నిండింది. రైస్ కుక్కర్, బట్టల పెట్టెలు, అన్నిటికంటే పైన మదనపల్లె నుంచి తెచ్చుకున్న మందపాటి రజాయి. చీకటి పడకముందే బయల్దేరదామని నిరుపమ అత్తయ్యకి చెప్పి రావడానికి వెళ్ళింది. ఉదయభాస్కర్ నడవాలో నిలబడి, ఏ పనీ లేకపోయినా ప్యానెల్ మీద బొత్తాలు నొక్కుతున్నాడు. తలుపు ఓరగా ఉండటంతో లోపలి మాటలు వినపడుతున్నాయి.

"వెళ్ళొస్తా అత్తయ్యా. వారానికోసారి వస్తా."

"వచ్చిద్దిలే వారం, దానికేముంది," అంది సుభద్ర. "కూర్చో. కొత్త కోడలుగా మా ఊరు వచ్చిన ఎండాకాలం గుర్తుందా? డాబా మీద నీళ్ళు చల్లి వరసాగ్గా పక్కలు వేశాం. మా చుట్టాలందరి మధ్యా నువ్వు, చిన్నపిల్లవి, వేడికి అల్లాడిపోయావు. వీడు తువ్వాల తడిపి నీ మీద కప్పేవాడు. అది ఆరిపోయిద్ది. మళ్ళీ లేచి తడిపేవాడు. తెల్లారేదాకా బకెట్ దగ్గరికి తిరిగాడు. పొద్దున్నే అందరూ వాణ్ణి ఏడిపించారు."

నిరుపమ లేచి బయటికొచ్చి, అలవాటు ప్రకారం తలుపు దగ్గరికి లాగబోయింది.

"మూయమాక అమ్మా," అంది సుభద్ర. "ఉండనీ, ఇయ్యాల్టికి."

గుమ్మం కింది తడిగుడ్డ ఆవిడే వంగి తీసి పక్కన పెట్టింది.

ఎదురుగా సీలింగ్‌లో జాలీ గాలి పీల్చుకుంటోంది. నిరుపమ కారు తాళాలు చేతిలోకి తీసుకునేసరికి ఇంట్లో వెంట్లన్నీ ఒక్కసారి బుస్సుమన్నాయి. కాలిన సున్నం గోడ వాసన, నీళ్ళు కొట్టిన వట్టివేళ్ళ తడికల వాసన, ఎవరింట్లోనో మంచం కింద గడ్డిలో మాగుతున్న మామిడిపళ్ళ వాసన ఇల్లంతా నిండిపోయింది. ఉదయభాస్కర్ ఫోన్ తీసి చూశాడు. అన్ని జోన్లూ నలభై నాలుగు. తన జోన్‌కి పద్దెనిమిది నొక్కితే, ప్రయత్నిస్తున్నాననీ ఓపిక పట్టమనీ ఫోన్ జవాబిచ్చింది. ఎంతో పరిశోధన చేసి కొన్న సిస్టమ్ అది. నిరుపమ శాలువా తీసి కుర్చీ మీద పడేసింది.

"ఇంట్లో ఉంటే ఉడికిపోతాం, పదండి," అంటూ సుభద్ర ముందు నడిచి వెనక చెక్కల డెక్కు మీదికి తలుపు తెరిచింది. ఎండ ఆవిడతో పాటే బయటికొచ్చింది. అప్పుడే వెలిసిన వానకి చెక్కల మీద నిలిచిన నీళ్ళు ఆవిరై లేచాయి.

"ఏందిరా చూస్తన్నావు? నీళ్ళు కొట్టు," అంది మేనల్లుడితో.

ఉదయభాస్కర్ తోట పైపు తెచ్చి డెక్కంతా తడిపాడు. చెక్కలు చుయ్యిమన్నాయి. మళ్ళీ తడిపాడు. నిరుపమ తాళాలు కిటికీ గట్టు మీద పెట్టి చాపలు, దుప్పట్లు తెచ్చి వరసాగ్గా పరిచింది. ఎవరి పక్క ఎక్కడ అన్న మాట రాలేదు, ఆ డెక్కు మీద అంత చోటు లేదు. పక్కింటివాళ్ళు ఫెన్స్ మీంచి చూసి, ఈ పూట బట్టలు ఆరతాయని తాడు మీద వేసుకున్నారు. సుభద్ర గోడవైపు తిరిగి పడుకుని క్షణంలో గురక పెట్టింది.

చీకటి పడుతోంది. నిరుపమ చీర కొంగుతో విసురుకుంటూ అటూ ఇటూ కదులుతోంది. ఉదయభాస్కర్ లేచి లోపలికి వెళ్ళి బకెట్టూ తువ్వాలూ తెచ్చాడు. ముంచి, పిండి, అడక్కుండానే ఆవిడ మీద కప్పాడు. అది చూస్తుండగానే ఆరిపోయింది. మళ్ళీ లేచాడు.

"అప్పుడు డాబా మీద నీకు నిద్రపట్టేసింది," అన్నాడు కప్పుతూ.

"పట్టలేదు. కళ్ళు మూసుకుని ఉన్నానంతే. మేలుకున్నానని తెలిస్తే మీరు సిగ్గుపడి ఆపేస్తారని."

అతను బకెట్ పక్కనే చతికిలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఆవిడ ఆ రాత్రంతా హాయిగా నిద్రపోయిందనుకున్నాడు.

"నిరూ, ఆ జోన్లు పంచుకోవడానికి కాదు. నీకు చలి లేకపోతే నువ్వు ఉండిపోతావనుకున్నా."

"ఆ మాట ఎవరికైనా చెప్పినారా?"

"సాయినాథ్‌కి చెప్పా."

నిరుపమకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. "ఆ పిల్లోడు కాదు కదా టకానిని పోయేది. నాకు చెప్పాల," అంది.

"వెళ్ళొద్దు," అన్నాడు అతను.

ఆవిడ ఆరిపోయిన తువ్వాల తీసి అతని చేతికిచ్చింది, తడిపి తెమ్మని.

తెల్లారేసరికి హాబ్సన్‌విల్‌లో మామూలు జూలై. గడ్డి మీద మంచు, నోట్లోంచి పొగ. ముగ్గురూ గబగబా లోపలికొచ్చారు. సుభద్ర తన గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. కిటికీ అంచున ఒరుగులు మెత్తబడి ఉన్నాయి. గోడ మీద సెన్సర్ పన్నెండు చూపిస్తోంది.

"నిరుపమా," అని పిలిచింది. "చలేస్తందమ్మా. కప్పుకోటానికి ఏమన్నా ఉందా?"

ఆ మాట ఆవిడ నోటివెంట రావడం అదే మొదటిసారి. నేతచీర కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. ఇన్నాళ్ళు దాచుకున్న ఎండాకాలమంతా ఒక్క పూటలో వాళ్ళ కోసం ఖర్చుపెట్టేసింది. నిరుపమ కిటికీ గట్టు మీది తాళాలు తీసుకుని బయటికి పరుగెత్తింది. డిక్కీలోంచి రజాయి తెచ్చి, అత్తయ్యకి మెడదాకా కప్పి, అంచులు కాళ్ళకింద దోపింది.

ఉదయభాస్కర్ నడవాలోకి వచ్చి స్పీకర్ పెట్టి సాయినాథ్‌కి ఫోన్ చేశాడు. "మా అత్త గదికి వెంట్ తెరవాలి తమ్ముడూ. ఈ పూటే రావాలి."

"వస్త అన్నా. పెద్దమ్మ జోన్ ఎవరి ఫోన్‌కి కలపాలె?"

అతను జవాబు చెప్పబోతుంటే నిరుపమ మళ్ళీ కారు దగ్గర్నించి వచ్చింది, రెండు చేతులా రైస్ కుక్కర్ పట్టుకుని.

"ఇద్దరికీ కలపమనండి," అంది, వంటింట్లోకి నడుస్తూ.