బకు వీపు మీది మెరుపు

యహెయి నూనె కావడి ఎత్తుకునే ముందు రోజూ పొగాకు సంచి తాడును నడికట్టు కిందనుంచి పైకి లాగి, కొసనున్న దంతపు బొమ్మను అంచుకు తగిలించుకునేవాడు. జేబుల్లేని బట్టలు కదా, ఒసాకాలో ప్రతి మగవాడికీ అలాంటి నెత్సుకె ఒకటుంటుంది. యహెయిది బకు అనే వింత జంతువు. ఏనుగు తొండం, పులి కాళ్లు. రాత్రి పీడకలలు తిని పొద్దుటికి కాస్త బరువెక్కేది. కరుణ దేవత కన్నోన్ తల్లి దయ, ఏ ప్రాణి తిండి దానికి రాసిపెట్టే ఉంటుంది కదమ్మా!

ఆ పొద్దున తాడు పీచులు లేచిందని విప్పబోయిన భార్య ఒతోసె చెయ్యి ఆగిపోయింది. నడికట్టుకు రాసుకుంటే బొమ్మ కడుపు అరగాలి. దీనికి వీపు అరిగింది, అద్దంలా, చిన్న అరచేతి వంపులో.

మూడేళ్లుగా మొగుడి కళ్లు పీక్కుపోయి ఉంటున్నాయి. తనేమో పడుకుంటే తెల్లారేదాకా ఒళ్లెరగదు. ఈయన ఏ గుమ్మం ఎక్కుతున్నాడో! గోడ అవతల సమిసెన్ వాయిద్యం నేర్పే ఒరోకు చేతులు చిన్నవే.

మొగుడు తాడు మార్పించమని బకును వదిలి నూనె అమ్మడానికి వెళ్లగానే పుట్టింటికి మూట కట్టుకుంది. ఒరోకును రెక్క పట్టి బొమ్మలు చెక్కే గెన్సాయ్ కొట్టుకు లాక్కెళ్లింది.

"ఈ అరుగుదల ఎవరిది తాతగారూ?"

ముసలాయన వేలితో తడిమాడు. "ఆడచెయ్యి. రెండు మూడేళ్ల అరుగుదల."

"విన్నావుటే?"

"నీ మొగుడు వాకిట్లోంచి పోతేనే నూనె కంపుకి ముక్కు మూసుకుంటాను, నాకెందుకే తల్లీ!" అంది ఒరోకు.

"అరవకండి. తిండి పెట్టే మనిషి దగ్గరికి అదే పోతుంది," అని గెన్సాయ్ బకును చాప మీద దింపాడు.

బకు తొండమెత్తి వాసన చూసింది. ఒరోకు వైపు రెండడుగులు వేసింది. ఒతోసె మూట అందుకుంది. ఒరోకు పౌడరుకు బకు గట్టిగా తుమ్మి, వెనక్కి తిరిగి, ఒతోసె మోకాలెక్కి అరచేతిలో వెల్లకిలా పడుకుంది. అరిగిన వీపు ఆ గుంటలో అచ్చంగా అమిరింది.

అప్పుడే గుమ్మంలో కావడి దిగింది. "తాతగారూ, మా ఆవిడ తాడు మార్చడానికి వచ్చిందా? బకు రాత్రికల్లా కావాలి..." భార్యను చూసి యహెయి ఆగిపోయాడు.

"ఎప్పటినుంచి?" అంది ఒతోసె.

"మన పాపను ఏరు తీసుకుపోయిన ఏడాది నుంచి. నిద్రలో దాన్ని పిలుస్తూ వీధిలోకి పరిగెత్తేదానివి. ఇది చేతిలో పెడితే పడుకునేదానివి."

"మరి మీరో?"

"ఇంట్లో ఉన్నది ఒక్క బకేగా."

ఒరోకు కళ్లు తుడుచుకుని మూట తన చంకన పెట్టుకుంది. "ఇంటికి నడవవే, నేను మోస్తాను."

ఒతోసె బకును భర్త అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మూసింది.

"ఈ రాత్రి మీరు పడుకోండి. పాప వస్తే నేను లేస్తాను."