ఏబెల్ వేసిన ప్లాను

మునికుమార్ షాపు మెట్లెక్కేసరికి ఏబెల్ ఒక బోరు మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. జూన్ మొదటి వారం. చిత్తూరు వీధుల్లో ఎక్కడ చూసినా మామిడికాయల ట్రాక్టర్లే.

"ఏబెలూ, ఇరవై రెండో తేది ఆదివారానికి నాకు నలభై నిండుతాయప్పా," అన్నాడు మునికుమార్ స్టూలు లాక్కుని కూర్చుంటూ. "కేకు కోసేది, మా పిల్లోళ్లు మొగానికి పూసేది, అదంతా సాయంత్రం. పగలంతా మనదే. పొద్దన్నే ఇలియాస్ కార్లో తిరపతికి పోదాం. ఆడ టిఫిను తిని, అట్నే ఒక్కో హోటలు, ఒక్కో బారు సూసుకుంటా సిత్తూరికి దిగుదాం. యాడ ఏది బాగుంటాదో నీకు తెలిసినట్టు ఎవురికి తెల్సు? ప్లాను నువ్వే ఎయ్యాల."

ఏబెల్ చేతిలో తీగ ఆగింది.

"నాకు పనుండాది మునీ. సీజను గదా."

"పద్నాలుగు నెల్లుగా ఇదే మాట సెప్తాండావు. పిలిస్తే రావు, ఫోన్ సేస్తే పని అంటావు. నా నలభై ఏండ్లకి గూడా రావా?"

ఏబెల్ తీగ పక్కన పెట్టాడు. కిందటేడు ఏప్రిల్లో అతను రక్తం కక్కుకుంటే తిరుపతి ఆసుపత్రికి మోసుకుపోయింది మునికుమారే. తొమ్మిది రోజులు వార్డు బయట వరండాలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. పదో రోజు డాక్టరు ఏబెల్‌ను, అతని భార్య ప్రసన్నకుమారిని మాత్రమే లోపలికి పిలిచి, "ఇంకోసారి తాగి వస్తే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు," అన్నాడు. బయటికొచ్చాక ఏమన్నాడని మునికుమార్ అడిగితే, "కడుపులో పుండంట, మాన్తాదంట," అని చెప్పాడు ఏబెల్. పన్నెండేళ్లు తనతో కలిసి తాగినవాడి ముందు, ఇక జన్మలో తాగకూడదన్న మాట నోరు దాటి రాలేదు. ఆ రోజు నుంచి స్నేహితుల వైపే పోలేదు.

"సరే, రాసిస్తాలే," అన్నాడు.

మునికుమార్ వెళ్లాక పాత బిల్లు వెనక రాయడం మొదలుపెట్టాడు. ఎనిమిదికి తిరుపతిలో నెయ్యికారం దోసె. పదకొండుకు బస్టాండు వెనక మేడమీది బారు. పన్నెండున్నరకు చంద్రగిరి దాటాక రాగి సంగటి, నాటుకోడి. రెండింటికి పూతలపట్టు దగ్గర హైవే బారు. అలా ఏడు చోట్లు, టైములతో సహా రాశాడు. ఎక్కడ ఏ మూల టేబులు చల్లగా ఉంటుందో, ఎక్కడ ఏం నంజుకోవాలో కూడా రాశాడు. ఒక్కచోటైనా ఆలోచించాల్సిన పని పడలేదు. రాయడం అయిపోయాక కాగితం మొదటినుంచి చదువుకున్నాడు. పద్నాలుగు నెలల్లో తను ఏదీ మరిచిపోలేదు.

ఆ ఆదివారానికి ముందు గురువారం మధ్యాహ్నం టేబుళ్లు చెప్పి ఉంచడానికి ఇలియాస్‌తో బయలుదేరాడు. ఇలియాస్‌కు ట్రావెల్స్ కారు ఉంది. మందు ముట్టడు. తిండి అంటే ప్రాణం. దారి పొడవునా ఆదివారం తినబోయే బిర్యానీ గురించే మాట్లాడాడు. ఏబెల్ కిటికీలోంచి చూస్తూ ఊ కొట్టాడు. 'టేబులు చెప్పి వచ్చేయడమే గదా' అని తనకు తనే చెప్పుకున్నాడు.

పూతలపట్టు దగ్గర హైవే బారు ముందు ఇలియాస్ కారు నీడకు తిప్పుతుంటే ఏబెల్ లోపలికి వెళ్లాడు. ఎండలోంచి వచ్చిన కళ్లకు ముందు ఏమీ కనపడలేదు. వాసన మాత్రం తగిలింది. అంతలో, "ఏబెల్ సార్! ఎన్నాళ్లయ్యె!" అంటూ సర్వర్ చిన్నబ్బ ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి. ఏబెల్ తాగిన ఏళ్లన్నీ ఆ మూల టేబులుకు అతనే వడ్డించాడు.

"ఆదివారం ఐదుగురికి టేబులు..." అని ఏబెల్ మొదలుపెట్టేలోపే చిన్నబ్బ లోపలికి వెళ్లిపోయాడు. వచ్చేటప్పుడు క్వార్టరు బ్రాందీ, సోడా, ఉడకబెట్టిన వేరుశనక్కాయల ప్లేటు తెచ్చాడు. గ్లాసులో పోసి సోడా కలిపి, "మీది నేను మర్సిపోతానా?" అన్నాడు నవ్వుతూ.

తనను గుర్తుపెట్టుకున్నాడని ఏబెల్‌కు సంతోషమేసింది. ఆ సంతోషమే అతన్ని భయపెట్టింది. ఎప్పుడు కూర్చున్నాడో తెలియదు, కుర్చీలో ఉన్నాడు. గ్లాసు ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు, చల్లగా వేళ్లకు తగులుతోంది. కింద పెట్టమని చేతికి చెప్పాడు. చెయ్యి వినలేదు.

ఇలియాస్ లోపలికొచ్చాడు. "కానీ అన్నా, తాగు. తోలేది నేనే గదా," అంటూ ఎదురుగా కూర్చుని శనక్కాయల ప్లేటు దగ్గరకు లాక్కున్నాడు.

"ఇలియాస్."

"ఏందన్నా?"

"నా సెయ్యి పట్టుకోని బయటికి తీస్కపో."

ఇలియాస్ నవ్వబోయి ఏబెల్ ముఖం చూసి ఆగిపోయాడు. ఆ ముఖంలో రక్తం లేదు. గ్లాసు విడిపించి టేబులు మీద పెట్టి, ముసలివాళ్లను రోడ్డు దాటించినట్టు మోచెయ్యి పట్టుకుని కారు దాకా నడిపించాడు. ఏసీ వేసి, తలుపులన్నీ లాక్ చేశాడు. ఏబెల్ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. డాక్టరు చెప్పింది, పద్నాలుగు నెలలు దాచింది అంతా అక్కడే చెప్పేశాడు.

"యా అల్లా," అన్నాడు ఇలియాస్. "ఇంత పెట్టుకోని ప్లాను ఎట్ల ఏసినావన్నా? మునీ అన్నకి ఇప్పుడే ఫోన్ సెయ్యి."

"ఇంటికి పోయి సేస్తా."

ఆ సాయంత్రం ముందు ప్రసన్నకుమారికి చెప్పాడు. ఆమె బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తుంది. అప్పుడే వచ్చి, చేతులకు అంటిన మామిడి జీడి కడుక్కుంటోంది. తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. కుళాయి కట్టేసి అలాగే నిలబడింది.

"తాగలేదు గదా?"

"లేదు."

"నీకు తెలీదు మామా, దినామూ నువ్వు స్నానానికి పోయినాక నీ సొక్కా వాసన సూస్తాను. పద్నాలుగు నెల్లుగా సూస్తానే ఉండాను. యానాటికీ లేకుండా పోదు ఈ బయం."

అతనికి ఆ సంగతి తెలియదు. భయపడేది తనొక్కడే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

మునికుమార్‌కు ఫోన్ చేశాడు. అవతల మునికుమార్ అంతా విన్నాడు.

"తొమ్మిది రోజులు ఆ వరండాలో పండుకున్నోడికి గూడా సెప్పలేకపోతివా?" అని ఫోన్ పెట్టేశాడు. గంట తర్వాత మెసేజ్ వచ్చింది. "నువ్వు తాగద్దు. ఊరికే వచ్చి కూర్చో. నువ్వు లేకుండా నాకు పుట్టినరోజేంది?"

కోపంగా రాసి ఉంటే బాగుండేది. ఈ మాటకు కాదనడం ఇంకా కష్టం. ఊరికే కూర్చోవడం అంటే ఏమిటో ఏబెల్‌కు ఆ మధ్యాహ్నమే తెలిసింది. "రాలేను మునీ. ఏమనుకోవద్దు," అని జవాబు పెట్టి ఫోన్ బోర్లించాడు.

కానీ ఆదివారం తన మాట మీద తనకే నమ్మకం లేదు. సీజన్ కాబట్టి ఆ రోజూ ప్రసన్నకుమారికి డ్యూటీ ఉంది. పొద్దున ఆమె టిఫిన్ బాక్సు సర్దుకుంటుంటే అన్నాడు.

"పోతా పోతా బయట తాళమెయ్యి. నా ఫోన్ గూడా తీస్కపో."

"ఏం మాటలు మామా అవి? లోపల ఏమన్నా అయితే?"

"ఇంగో తాళంచెవి పక్కింటి మునెమ్మక్క కాడ ఇయ్యి. నేను అడిగితే ఇయ్యద్దని సెప్పు. మంటలొస్తేనే తియ్యమను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. బయట తాళం పడిన చప్పుడు, ఆమె చెప్పుల చప్పుడు వీధి చివర దాకా విన్నాడు.

ఎనిమిదైంది. దోసెలు తింటుంటారు. అందులో భయం లేదు. చొక్కాలు ఇస్త్రీ చేశాడు. పదకొండుకు మేడమీది బారు. ఇల్లు ఊడ్చాడు, ఊడ్చిందే మళ్లీ ఊడ్చాడు. తను రాసిన టైములే గోడ గడియారంలో ఒక్కొక్కటిగా వస్తున్నాయి. నాలుక ఎండుకుపోతోంది. చెంబుల కొద్దీ నీళ్లు తాగాడు. ప్రార్థన చేద్దామని మోకాళ్ల మీద కూర్చుంటే మాటలు రాలేదు. "ప్రభువా, తొందరగా సాయంత్రం ఆరు కానియ్యి," అని మాత్రం అన్నాడు.

రెండింటికి మనసు మాట్లాడటం మొదలుపెట్టింది. అది వేరేవాళ్ల గొంతులా లేదు. అచ్చం తన గొంతే, నెమ్మదిగా, తెలివిగా. 'ఇంత కట్టడి ఎందుకు? పద్నాలుగు నెలలు ఉన్నవాడివి, ఒక్క గ్లాసుతో ఆపలేవా? మునికుమార్ ఎంత బాధపడుతున్నాడో. పూతలపట్టు ఎంత దూరం, బస్సెక్కితే ముప్పావు గంట.'

వినిపిస్తుండగానే అతను లేచాడు. తర్వాత తెలివొచ్చి చూసుకునేసరికి తలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్. తలుపు బందులకు స్క్రూలు లోపలి వైపే ఉన్నాయి. రెండు ఊడి నేల మీద పడి ఉన్నాయి. మూడోది సగం తిరిగింది. ఇరవై ఏళ్లుగా మోటార్లు విప్పిన చేతులు. ఎవరినీ అడగకుండా పని మొదలుపెట్టేశాయి.

ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. లేచి, కిటికీ ఊచల్లోంచి ఆ స్క్రూడ్రైవర్‌ను బలంకొద్దీ వీధిలోకి విసిరేశాడు. బయట మునెమ్మ "ఎవురబ్బా అది!" అని అరిచింది. అతను స్నానాలగదిలోకి పోయి, బట్టలతోనే నేల మీద కూర్చుని, తల మీద మగ్గుతో నీళ్లు పోసుకున్నాడు. డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా పోసుకున్నాడు.

అయిదు దాటాక వీధిలో కారు ఆగింది.

"ఏబెలూ!" మునికుమార్ గొంతు.

కిటికీ దగ్గరికి వెళ్లాడు. మునికుమార్ తలుపుకున్న తాళం వైపు, తడిసిన ఏబెల్ వైపు మార్చి మార్చి చూశాడు. కారులోంచి ఇలియాస్ దిగలేదు, చెయ్యి మాత్రం ఎత్తాడు. మునికుమార్ ఊచల మధ్యనుంచి బిర్యానీ పొట్లం లోపలికి పెట్టి, "నీకని కట్టించినా," అన్నాడు.

ఆ మాటతోపాటు మందు వాసన వచ్చింది. ఏబెల్ చటుక్కున రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు.

మునికుమార్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అలాగే వెనక్కి నడిచి, వీధి దాటి, అవతలి అరుగు దగ్గర నిలబడి అక్కణ్నుంచి గట్టిగా అడిగాడు.

"ఈడ నిలబడితే పర్వాలేదా?"

ఏబెల్ తల ఊపాడు.

"సిన్నబ్బ నిన్ను అడిగినాడు. ఇంక రాడులే అని సెప్పినా."

"కోపమా మునీ?"

"ఉండాది. నువ్వు రాలేదని కాదు, నాకు సెప్పలేదని." తాళం వైపు వేలు చూపించి, "వచ్చే ఆదివారం పొద్దన్నే వస్తా. నోరు కడుక్కోని, కాఫీ గూడా తాగకుండా వస్తా. ఈ తాళం మాత్రం ఉండకూడదు," అన్నాడు.

కారు వెళ్లిపోయింది. ఆరున్నరకు బస్సు దిగి ప్రసన్నకుమారి వచ్చింది. తాళం తీసి తోస్తే తలుపు ఒక పక్కకు ఒరిగి నేలకు రాసుకుంది. ఆమె వంగి కింద పడి ఉన్న స్క్రూలు చూసింది. తల ఎత్తి అతన్ని చూసింది.

"నేనే," అన్నాడు ఏబెల్. "రెండు ఊడదీసినా. ఏ పొద్దు తీసినానో నాకే తెలీదు."

ఆమె బ్యాగు కింద పెట్టి, అతని దగ్గరికి వచ్చి, తడి చొక్కా భుజం మీద చెయ్యి వేసింది.

"బయమేసిందా మామా?"

"ఇంకా ఏస్తాండాది."

"నాకూ," అంది. కిటికీలో ఉన్న బిర్యానీ పొట్లం తీసుకుని, లోపలికి పోయి రెండు ప్లేట్లు తెచ్చింది.